క్వెస్టా, గ్రైండా? మీ గంట ఎలాంటిదో ముందు చూసుకోండి

ఆన్‌లైన్ ఆర్‌పీజీల్లో (పాత్రను పెంచుకుంటూ ఆడే ఆటల్లో) లెవెల్ పెంచుకోవడానికి క్వెస్టులు (ఆట మనకిచ్చే పనులు) మేలా, గ్రైండింగ్ (ఒకేచోట శత్రువులను పదేపదే చంపడం) మేలా అన్న వాదన ఎక్కడ మొదలైనా ఒకే చోట ఆగుతుంది. చంపినందుకూ ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) వస్తుంది, పని పూర్తిచేసి అప్పగించినందుకూ వస్తుంది, రెండు చేతులా సంపాదన అంటారు క్వెస్టు పక్షం వాళ్ళు. నడక దండగ, మంచి చోటు చూసుకుని అక్కడే కొట్టుకుంటూ పొమ్మంటారు గ్రైండు పక్షం వాళ్ళు. చివరికి ఇద్దరూ గంటకు ఇంత ఎక్స్‌పీ అని చెరో అంకె ముందు పెడతారు. ఆ రెండు అంకెలూ నిజమే కావచ్చు. కానీ ఆ గంట ఎలాంటి గంట అని మాత్రం ఎవరూ అడగరు. ఆదివారం తీరిగ్గా కూర్చున్న నాలుగు గంటల్లో ఒకటా? రాత్రి అన్నం తిన్నాక పడుకోబోయే ముందు దొరికిన నలభై నిమిషాలా? మధ్యలో కరెంటు పోయే గంటా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆడేవాళ్ళకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం. రాజాం, విజయనగరం హాస్టళ్ళలో ఉండే ఇంజినీరింగ్ పిల్లలు, పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో షిఫ్టు దిగి వచ్చిన కుర్రాళ్ళు, పలాసలోనో టెక్కలిలోనో షాపు కట్టేశాక సిస్టమ్ ముందు కూర్చునేవాళ్ళు. వీళ్ళెవరికీ నాలుగు గంటలు ఒక్కసారిగా దొరకవు. దొరికిన టైము కూడా ముక్కలు ముక్కలుగానే ఉంటుంది. పరీక్షలకు రెండు వారాలు ఆట బంద్. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్ళు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో అక్కడివాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. టైము తక్కువున్నవాడు గ్రైండ్ చెయ్యాలి, టైము ఎక్కువున్నవాడు క్వెస్టులు చెయ్యాలి. మామూలుగా అందరూ ఇచ్చే సలహా దీనికి సరిగ్గా ఎదురు. "అరగంటే ఉందేటి? అయితే ఒక క్వెస్టు చేసీసి లెగిసిపో" అంటారు. అది తప్పుడు సలహా అని లెక్క వేసి చూపించొచ్చు.

లెక్కకు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌ను తీసుకుంటున్నాను. 2004 నవంబరులో వచ్చిన ఆ ఆటను 2019 ఆగస్టులో క్లాసిక్ పేరుతో మళ్ళీ తెరిచారు. దాని ఎక్స్‌పీ సూత్రాలన్నీ ఆటగాళ్ళు ఎప్పుడో విప్పి చూశారు కాబట్టి ఊహలతో పనిలేదు. ఇంకో కారణం కూడా ఉంది. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో లెవెల్ పెరగడమంటే ప్రధానంగా ఒక గుంపుగా ఒకచోట మకాం వేసి, పుట్టిన మాబ్‌ను (ఆట నడిపే శత్రువును) పుట్టినట్టు చంపడమే. కొరియా నుంచి వచ్చిన రాగ్నరాక్, లీనియేజ్ 2 కూడా అదే దారి. క్వెస్టుల మీదుగా లెవెల్ పెంచుకోవడాన్ని రాజమార్గం చేసింది వార్‌క్రాఫ్టే. క్వెస్టులకు అంత పెద్దపీట వేసిన ఆటలోనే గ్రైండు ఎక్కడ గెలుస్తుందో చూస్తే వాదనకు బలం వస్తుంది.

ముందు చంపుడు లెక్క. మీ లెవెల్‌తో సమానమైన మాబ్‌ను చంపితే వచ్చే ఎక్స్‌పీ: లెవెల్‌ను 5తో హెచ్చించి 45 కలపాలి. లెవెల్ 10లో 95, లెవెల్ 30లో 195, లెవెల్ 59లో 340. తరవాతి లెవెల్‌కు కావలసినది లెవెల్ 10లో 7,600, లెవెల్ 20లో 23,200, లెవెల్ 40లో 90,700, చివరిదైన 59 నుంచి 60కి 209,800. అంటే చంపుళ్ళలో చెప్పాలంటే లెవెల్ 10లో 80, 20లో 160, 30లో 243, 40లో 370, 59లో 617. లెవెల్ 28 దాకా ఈ పెరుగుదల నిలకడగా సాగుతుంది. ఆ తరవాత ఎక్కుడు నిటారుగా మారుతుంది. లెవెల్ 30 దాటగానే "ఏటిది, కదలట్లేదు" అని చాలామంది ఆట మానేయడానికి కారణం ఇదే. బద్ధకం కాదు, సూత్రమే అక్కడ మారుతుంది.

గ్రైండ్ చెయ్యాలనుకున్నవాడు మొట్టమొదట చేసే తప్పు తనకంటే పెద్ద మాబ్‌లను ఎంచుకోవడం. ఒక్కో లెవెల్ ఎక్కువకు 5 శాతం ఎక్స్‌పీ అదనం, అదీ నాలుగు లెవెల్స్ దాకానే. మూడు లెవెల్స్ పెద్ద మాబ్ కొడితే 15 శాతం లాభం అన్నమాట. కానీ మంత్రాలు వేసేవాళ్ళకు సమాన లెవెల్ మాబ్ మీద 4 శాతం మంత్రాలు తప్పిపోతే, ఒక లెవెల్ పైన 5, రెండు పైన 6, మూడు పైన ఒక్కసారిగా 17 శాతం తప్పిపోతాయి. వచ్చిన 15 శాతం అక్కడే పోయింది. దాని ప్రాణం ఎక్కువ, దెబ్బ ఎక్కువ, మీ బొమ్మ (ఆటలో మీ పాత్ర) కూర్చుని నీళ్ళు తాగి మంత్రశక్తి నింపుకునే టైము ఎక్కువ. అది నష్టమే.

అదే ఒకటి రెండు లెవెల్స్ చిన్నవాటిని చూడండి. లెవెల్ 30లో ఒక్కో లెవెల్ తక్కువకు పన్నెండో వంతు ఎక్స్‌పీ కోసేస్తారు. రెండు లెవెల్స్ చిన్నదైతే 195 కాస్తా 162 అవుతుంది. సమాన లెవెల్ మాబ్‌కు 30 సెకన్లు పోరు, 20 సెకన్లు నీళ్ళు, మొత్తం 50 సెకన్లు అనుకుందాం. గంటకు 72 చంపుళ్ళు, 14,040 ఎక్స్‌పీ. చిన్నదానికి 25 సెకన్ల పోరు, 10 సెకన్ల నీళ్ళు అనుకుంటే 35 సెకన్లు. గంటకు దాదాపు 103 చంపుళ్ళు, 16,700 ఎక్స్‌పీ. మాబ్‌కు తక్కువొచ్చినా గంటకు ఎక్కువొచ్చింది. ఈ సెకన్లు మీ క్లాసును (యోధుడు, మంత్రగాడు లాంటి పాత్ర రకాన్ని) బట్టి, ఆయుధాన్ని బట్టి మారతాయి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పది చంపుళ్ళకు ఎంత పడుతోందో చూసుకుంటే చాలు, మీ అంకె మీకే తెలుస్తుంది.

ఇప్పుడు క్వెస్టు. పది మాబ్‌లను చంపమన్న లెవెల్ 30 క్వెస్టు, అప్పగిస్తే 2,000 ఎక్స్‌పీ అనుకుందాం. చంపుళ్ళకు 1,950, బహుమతి 2,000, మొత్తం 3,950. పది చంపుళ్ళకు 8 నిమిషాలు. ఊరి నుంచి అక్కడికి 8 నిమిషాల నడక, మళ్ళీ వెనక్కు 8. లెవెల్ 40 దాకా గుర్రం ఉండదు, సెకనుకు 7 గజాల చొప్పున కాళ్ళతోనే పరుగు. మొత్తం 24 నిమిషాలు. గంటకు లెక్కేస్తే 9,875. గ్రైండు 16,700 దగ్గర ఇది ఎందుకూ నిలవదు. అదే చోట రెండు క్వెస్టులు కలిపి చేస్తే 32 నిమిషాల్లో 7,900, అంటే గంటకు 14,800. ఇప్పటికీ తక్కువే. మూడు కలిపితే 40 నిమిషాల్లో 11,850, గంటకు 17,775. అక్కడ గ్రైండును దాటింది. నాలుగు, అయిదు కలిస్తే ఇంకా పైకి పోతుంది.

కాబట్టి క్వెస్టు అన్నది ఒంటరిగా ఎప్పుడూ లాభం కాదు. ఒకే దిక్కున మూడో నాలుగో పోగైతేనే లాభం. పోగు చెయ్యడానికి టైము కావాలి. ఊళ్ళో తిరిగి తలల మీద పసుపు గుర్తున్న వాళ్ళందరి దగ్గరా తీసుకోవాలి, ఏది ఏ దిక్కుకో మ్యాపులో చూసుకోవాలి, క్లాసిక్‌లో ఒకేసారి 20 క్వెస్టులకు మించి పెట్టుకోనివ్వరు కాబట్టి ఏవి వదిలెయ్యాలో తేల్చుకోవాలి. ఈ పనికే పది పదిహేను నిమిషాలు పోతాయి. నలభై నిమిషాలే ఉన్నవాడికి అందులో మూడో వంతు ఇక్కడే ఖర్చు. మిగిలిన టైములో రెండు క్వెస్టులు సగం సగం చేసి లేస్తాడు. రేపు మళ్ళీ వచ్చేసరికి ఎక్కడున్నాడో, ఏది ఎంత మిగిలిందో గుర్తు తెచ్చుకోవడంతోనే మొదలు.

అరగంట ఆటగాడికి క్వెస్టు ఎందుకు పనికిరాదో తెలిసింది. గ్రైండు ఎందుకు పనికొస్తుందో తెలియాలంటే విశ్రాంతి ఎక్స్‌పీ సంగతి చూడాలి. వాదించేవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే.

క్లాసిక్‌లో ఇన్‌లో (ఆటలోని సత్రంలో) గానీ పెద్ద నగరంలో గానీ లాగౌట్ అయితే, ప్రతి 8 గంటలకు ఆ లెవెల్‌లో 5 శాతం మేర విశ్రాంతి పోగవుతుంది. రోజుకు 15 శాతం. గరిష్ఠంగా లెవెల్‌న్నర దాకా, అంటే పది రోజులు ముట్టుకోకపోతే నిండుతుంది. ఆ మేర ఉన్నంతసేపూ చంపుళ్ళకు రెట్టింపు ఎక్స్‌పీ. గమనించండి, చంపుళ్ళకే. క్వెస్టు అప్పగించినందుకు వచ్చే ఎక్స్‌పీ ఒక్క పైసా పెరగదు.

పై లెక్కను విశ్రాంతితో మళ్ళీ వెయ్యండి. గ్రైండు గంటకు 16,700 కాస్తా 33,400 అయింది. మూడు క్వెస్టుల పోగులో చంపుళ్ళ భాగం మాత్రమే రెట్టింపవుతుంది, బహుమతులు 6,000 అలాగే ఉంటాయి, నడక కూడా అలాగే ఉంటుంది. 40 నిమిషాల్లో 17,700, గంటకు 26,550. విశ్రాంతి ఉన్నంతసేపూ గ్రైండే గెలుస్తుంది, అదీ బాగా తేడాతో. విశ్రాంతి అయిపోగానే మూడు క్వెస్టుల పోగు మళ్ళీ ముందుకొస్తుంది.

రోజుకు 15 శాతం ఎంతసేపు వస్తుంది? లెవెల్ 30లో అది 7,100 ఎక్స్‌పీ చిల్లర. రెండు లెవెల్స్ చిన్న మాబ్‌లను రెట్టింపుతో చంపితే 22 చంపుళ్ళు, సుమారు 13 నిమిషాలు. లెవెల్ 59లో 31,470 ఎక్స్‌పీ, 53 చంపుళ్ళు, అరగంట పైచిలుకు. అంటే పై లెవెల్స్‌లో రోజుకు అరగంట ఆడేవాడి చంపుళ్ళన్నీ దాదాపు రెట్టింపే. నాలుగు గంటలు ఆడేవాడికి ఆ అరగంట అయిపోయాక మూడున్నర గంటలు మామూలు ఎక్స్‌పీయే. నాలుగు గంటలవాడికి క్వెస్టులు కావాలి, అరగంటవాడికి అక్కర్లేదు. పరీక్షలై వచ్చినవాడికి ఇది ఇంకా బాగా వర్తిస్తుంది. లెవెల్‌న్నర విశ్రాంతి నిండుగా ఉన్నప్పుడు ఊళ్ళో క్వెస్టులు ఏరుకుంటూ తిరగడం ఉన్న సొమ్మును వాడుకోకపోవడమే. నేరుగా మాబ్‌ల దగ్గరకు పోండి.

ఇక్కడే మన కరెంటు సంగతి వస్తుంది. ఇన్ బయట, అడవిలోనో కొండమీదో లాగౌట్ అయితే విశ్రాంతి నాలుగో వంతు వేగంతోనే పోగవుతుంది. 8 గంటలకు రావలసినది 32 గంటలకు వస్తుంది. మాబ్‌ల మధ్యలో ఉండగా కరెంటు పోయి, "రేపు చూద్దాంలే" అని పడుకున్నారంటే, మీ బొమ్మ పొలంలో పడుకున్నట్టే. మరునాడు 15 శాతం బదులు నాలుగు శాతం కూడా ఉండదు. అందుకని కరెంటు వచ్చాక, ఎంత రాత్రయినా సరే, రెండు నిమిషాలు లాగిన్ అయి హార్త్‌స్టోన్ (మీరు ఎంచుకున్న ఇన్‌కు క్షణాల్లో చేర్చే రాయి) కొట్టి ఇన్‌లోకి చేరి మళ్ళీ పడుకోండి. హార్త్‌స్టోన్ పది సెకన్లలో పనిచేస్తుంది, ఒకసారి వాడితే మళ్ళీ గంటకు గానీ రాదు. రోజుకొకసారి కూర్చునేవాడికి అది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, కాబట్టి ఆట మధ్యలో నడక తప్పించుకోవడానికి వాడకుండా చివరి నిమిషానికి దాచుకోవాలి. ఇన్‌ను కూడా గ్రైండ్ చేసే చోటికి దగ్గర్లో పెట్టుకోవాలి. నగరంలో పెట్టుకుంటే విశ్రాంతి అంతే వస్తుంది గానీ మరునాడు నడక పెరుగుతుంది.

కరెంటు పోయినప్పుడు ఏది నష్టపోతాం అన్నది కూడా ఈ వాదనలో భాగమే. గ్రైండులో ఎక్స్‌పీ ప్రతి చంపుడుకూ జమ అయిపోతుంది, పోయేది చేతిలో ఉన్న ఆ ఒక్క మాబే. క్వెస్టులో చంపిన లెక్క, ఏరిన వస్తువులు భద్రంగానే ఉంటాయి, అయితే ఎవరినైనా కాపాడుతూ వెంట నడిపించే ఎస్కార్ట్ క్వెస్టు మధ్యలో కనెక్షన్ తెగితే మొదటికొస్తుంది. టైమర్ ఉన్న క్వెస్టులూ అంతే, ప్రమాదమే. ఈదురుగాలి వేసే సాయంత్రం అలాంటివి మొదలుపెట్టకండి. డంజన్ (గుంపుగా దిగే నేలమాళిగ) సంగతి చెప్పనక్కర్లేదు, మీతోపాటు నలుగురి టైము పోతుంది. 2023 ఆగస్టులో తెరిచిన హార్డ్‌కోర్ సర్వర్లయితే, ఒక్కసారి చచ్చిన బొమ్మ ఇక లేవదు. కనెక్షన్ తెగినప్పుడు బొమ్మ వెంటనే మాయమైపోదు, కొద్ది క్షణాలు అక్కడే నిలబడి దెబ్బలు తింటుంది. ఇంట్లో ఇన్వర్టర్ లేనివాళ్ళు అటువైపు పోకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇన్వర్టర్ కొనలేకపోతే కనీసం రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోండి. ఫైబర్ డబ్బా, రౌటర్ రెండూ ఎక్కువగా 12 వోల్టుల మీద నడుస్తాయి, అడాప్టరు మీద రాసి ఉంటుంది, వోల్టులూ ఆంపియర్లూ సరిచూసుకుని మినీ యూపీఎస్ తెచ్చుకుంటే చాలు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఎలాగూ ఉంది. డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళకు మాత్రం ఇది చాలదు. కేబుల్ ఆపరేటరు దగ్గర కూడా కరెంటు పోతే ఏ యూపీఎస్సూ పనిచెయ్యదు. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ మీదకు మారాలి. మారేటప్పుడు ఆట ఒకసారి తెగుతుంది కాబట్టి, మాబ్‌లు లేని చోట నిలబడి మారండి. ఇలాంటి ఆటలకు డేటా తక్కువే పడుతుంది. డేటా మింగేది ప్యాచ్‌లు, అంటే ఆట అప్‌డేట్లు. వాటిని హాస్టల్ వైఫైలోనో రాత్రి ఫైబర్ మీదో దించుకోవాలి.

పింగ్ (మన నొక్కు సర్వర్‌కు చేరి తిరిగి రావడానికి పట్టే ఆలస్యం) కూడా క్వెస్టునే ఎక్కువ దెబ్బతీస్తుంది. క్లాసిక్‌లో మాబ్‌ను మొదట తాకినవాడిదే ఎక్స్‌పీ, వస్తువు. ఒక క్వెస్టు కోసం పేరున్న మాబ్ ఒకటే ఉండి, దాని చుట్టూ పదిమంది నిలబడి ఉంటే, సర్వర్ దేశాల అవతల ఉన్న మనకు అది దక్కడం కష్టం. వెంటనే తగిలే మంత్రం ఉంటే దాన్ని వాడండి. చేతిలోంచి వెలువడటానికి రెండు సెకన్లు పట్టేది వాడితే ఎప్పటికీ చేరలేరు. అలాంటి చోట గుంపు కట్టి ఒకేసారి చంపుకోవడం తెలివైన పని. గుంపుకు ఒప్పుకోకపోతే ఆ క్వెస్టు వదిలేసి, ఎవరూ రాని మూల చూసుకుని గ్రైండ్ చేసుకోవడమే. కొత్త సర్వర్ తెరిచిన మొదటి వారంలో క్వెస్టు లెక్కలన్నీ తలకిందులు కావడానికి ఈ పోటీయే కారణం.

గ్రైండ్ చోటు ఎంచుకోవడంలో కొన్ని పట్టింపులు అవసరం. మనిషి ఆకారపు మాబ్‌లు నాణేలు, గుడ్డ పడేస్తాయి, జంతువులు నాణేలు ఇవ్వవు. లెవెల్ 40 దగ్గర గుర్రానికి, స్వారీ నేర్చుకోవడానికి కలిపి దాదాపు 100 గోల్డ్ కావాలి కాబట్టి ముప్ఫైల్లో మనిషి మాబ్‌లనే వెతుక్కోండి. గుడ్డతో బ్యాండేజీలు చేసుకుంటే కూర్చునే టైము తగ్గుతుంది. పారిపోయి ఇంకొకరిని పిలుచుకొచ్చే మాబ్‌లయితే ప్రాణం తక్కువైన క్షణంలో కాళ్ళకు పట్టువేసే మంత్రం దాచుకోవాలి. ఒక చుట్టు తిరిగి మొదటికి వచ్చేసరికి మొదటివి మళ్ళీ పుట్టి ఉండాలి. పుట్టకపోతే ఆ చుట్టు చిన్నది, పెంచండి. మీరు వచ్చేసరికే రెండోసారి పుట్టి వెనకనుంచి మీద పడుతుంటే పెద్దది, తగ్గించండి. సంచులు నిండాక అమ్మడానికి దగ్గర్లో మనిషి లేకపోతే ఎంత మంచి చోటైనా పనికిరాదు.

క్వెస్టుల్లోనూ అన్నీ ఒకటి కావు. ఎనిమిది వస్తువులు తెమ్మని, ఒక్కొక్కటి పడే అవకాశం 30 శాతం ఉంటే, సగటున 27 చంపుళ్ళు పడుతుంది. అంటే అది గ్రైండే, చివర్లో బహుమతి ఉన్న గ్రైండు. మాబ్ లెవెల్ మీకు సరిపోతే అంతకన్నా మంచిది లేదు. అరగంట ఆటగాడు క్వెస్టు చెయ్యాలనుకుంటే ఇలాంటిదే చెయ్యాలి. ఆ ఊళ్ళో ఉత్తరం ఈ ఊళ్ళో ఇమ్మనేవి దారిలో పడితేనే తీసుకోవాలి. పాత క్వెస్టులు దాచుకునేవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. క్వెస్టు లెవెల్ కంటే మీరు 5 లెవెల్స్ పైకి పోయేదాకా పూర్తి ఎక్స్‌పీ వస్తుంది. 6 అయితే 80 శాతం, 7కి 60, 8కి 40, 9కి 20, ఆ పైన 10 శాతమే. కాబట్టి సెలవుల కోసం క్వెస్టులు పోగుచెయ్యొచ్చు, తప్పులేదు, ఆ అయిదు లెవెల్స్ గీత దాటకుండా చూసుకోవాలి. వారం పొడుగునా విశ్రాంతితో గ్రైండ్ చేస్తూ, దారిలో కనబడిన క్వెస్టులను తీసుకుని ఉంచి, ఆదివారం అన్నీ ఒక్కసారి తిరగడం హాస్టల్ పిల్లలకు బాగా కుదిరే పద్ధతి.

క్వెస్టు రాసిన ఇంగ్లిషును చదవకుండా దాటేస్తే మాత్రం లాభం లేదు. క్లాసిక్‌లో మ్యాపు మీద ఎక్కడికెళ్ళాలో చుక్క పెట్టి చూపించరు, ఊరి పేరు, దిక్కు, గుర్తు ఆ రాతలోనే ఉంటాయి. మొత్తం చదవలేకపోతే ఆ మూడింటినైనా వెతికి పట్టుకోండి. క్వెస్టీ లాంటి యాడ్‌ఆన్ (ఆటకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) పెట్టుకుంటే చుక్కలు వస్తాయి, పోగు చెయ్యడానికి అది నిజంగా ఉపయోగం.

ఇదంతా వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ సంగతి. వేరే ఆటకు ఇవే అంకెలు అంటించకూడదు. ముఖ్యంగా ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌కు. పాత ఫోన్ మీద కూడా నడుస్తుంది కాబట్టి మన వైపు పిల్లలకు అందుబాటులో ఉన్న ఆట అది, 2018 అక్టోబరు నుంచి మొబైల్లో ఉంది. అక్కడ మొదట్లో క్వెస్టులు కాకుండా గ్రైండ్ చెయ్యడం వృథా శ్రమ. వాటర్‌ఫాల్ క్వెస్ట్ అనే ఒక్కటి చాలు. కొత్త బొమ్మతో, ఎవరినీ చంపకుండా పూర్తిచేస్తే అటాక్‌లో 13,750, స్ట్రెంత్‌లో 13,750 ఎక్స్‌పీ ఇస్తుంది. లెవెల్ 30కి కావలసింది 13,363. అంటే లెవెల్ 1 నుంచి రెండూ ఒక్కసారిగా 30కి చేరతాయి. కావలసినవి ఒక తాడు, గాలి, నీరు, నేల రూన్లు (మంత్రపు రాళ్ళు) ఆరేసి, తినడానికి తిండి. తప్పు జరిగేది ఎక్కడంటే, గ్లేరియల్ సమాధిలోకి ఆయుధాలు, కవచాలు, రూన్లు తీసుకెళ్ళనివ్వరు. అవన్నీ బ్యాంకులో పెట్టి రావాలి, ఇది తెలియక అంత దూరం నడిచి వెనక్కు వచ్చేవాళ్ళు ఎక్కువ. లోపల పెద్ద మాబ్‌ల పక్కనుంచి పరిగెత్తాలి, ఆగి చూడకూడదు. పరుగు శక్తి నిండుగా పెట్టుకుని దిగండి.

కానీ అదే ఆటలో పైకి పోయేకొద్దీ గ్రైండు తప్ప దారి లేదు. లెవెల్ 99కి 13,034,431 ఎక్స్‌పీ కావాలి, అందులో సగం లెవెల్ 92కి చేరితేనే అవుతుంది. ఏ క్వెస్టూ అంత ఇవ్వదు. అక్కడ క్వెస్టులు ఇచ్చేది ఎక్స్‌పీ కన్నా తాళం చెవులు. రెసిపీ ఫర్ డిజాస్టర్ పూర్తిచేసినవాడికే బారోస్ గ్లవ్స్ కొనుక్కునే హక్కు, దానికి 175 క్వెస్టు పాయింట్లు కావాలి. వేలసార్లు ఒకే మాబ్‌ను చంపినా ఆ చేతితొడుగు రాదు. ఇలాంటి ఆటలో ముందు క్వెస్టులతో తలుపులు తెరిచి, తరవాత గ్రైండుకు కూర్చోవాలి. చేపలు పట్టడం, చెట్లు నరకడం లాంటివి పుస్తకం ముందు పెట్టుకుని కూడా చెయ్యొచ్చు. ఆటో క్లిక్కర్ (మన బదులు తనే క్లిక్ చేసే ప్రోగ్రాం) మాత్రం పెట్టకండి, బొమ్మనే బ్యాన్ చేస్తారు.

పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో క్వెస్టులకు అసలు ఎక్స్‌పీయే లేదు, నైపుణ్య పాయింట్లు, రత్నాలు ఇస్తాయి. ఎక్స్‌పీ అంతా చంపుళ్ళదే. అందులో మీ లెవెల్‌కూ ఆ ప్రాంతం లెవెల్‌కూ తేడా ఒక హద్దు దాటితే ఎక్స్‌పీ కోత మొదలవుతుంది. హద్దు ఎంతంటే లెవెల్‌ను 16తో భాగించి పూర్ణాంకానికి 3 కలపాలి. లెవెల్ 64లో 7. చివరి మ్యాపుల్లో (కథ అయ్యాక తెరుచుకుని ఆడే ప్రాంతాల్లో) చచ్చిన ప్రతిసారీ ఆ లెవెల్‌కు కావలసిన ఎక్స్‌పీలో 10 శాతం పోతుంది కాబట్టి కరెంటు నమ్మకం లేని రోజున మ్యాపు తెరవకండి. ఫైనల్ ఫాంటసీ 14లో మొదటి జాబ్‌కు (పాత్ర చేపట్టే వృత్తికి) ప్రధాన కథే లెవెల్ ఇస్తుంది, కథ పూర్తిచెయ్యకుండా ముందు ప్రాంతాలకు పోనివ్వరు, వాదనకు తావే లేదు. గెన్‌షిన్ ఇంపాక్ట్‌లో కొట్టి సంపాదించేదానికి కంపెనీయే రేషన్ పెట్టింది. రెసిన్ (బహుమతులు తీసుకోవడానికి ఖర్చుపెట్టే శక్తి) 200 దాకా నిండుతుంది, 8 నిమిషాలకు ఒకటి వస్తుంది. ఖాళీ నుంచి నిండడానికి 26 గంటల 40 నిమిషాలు. రోజుకొకసారి ఖాళీ చేసి, మిగతా టైము కథకు పెట్టడం తప్ప వేరే ఎత్తు లేదు. ఫోన్లలో వచ్చే ఆటో బటన్ ఆటల గురించి నేను వాదించను. బటన్ నొక్కితే బొమ్మే క్వెస్టుకు పోయి బొమ్మే చంపుకొచ్చేదాంట్లో మనం ఎంచుకునేదేమీ లేదు, మే నెల ఉక్కలో ఫోను వేడెక్కడమే మిగులుతుంది.

స్నేహితులతో ఆడేవాళ్ళకు పై లెక్కలు కొంచెం మారతాయి. క్లాసిక్‌లో ఇద్దరు కలిస్తే మాబ్ ఎక్స్‌పీ ఇద్దరికీ పంచుతారు, అదనం ఏమీ లేదు. ముగ్గురైతే మొత్తం మీద సుమారు 17 శాతం, నలుగురైతే 30, అయిదుగురైతే 40 శాతం అదనం ఇచ్చి అప్పుడు పంచుతారు. పంపకం లెవెల్‌ను బట్టి జరుగుతుంది, కాబట్టి లెవెల్ 35 వాడితో తిరిగే లెవెల్ 25 వాడికి దక్కేది తక్కువ. ఇద్దరు కలిసి గ్రైండ్ చేస్తే, ఒక్కడు చేసేదానికి రెట్టింపు వేగంతో చంపగలిగితేనే గిట్టుబాటు. నీళ్ళు తాగే టైము తగ్గుతుంది కాబట్టి మంత్రగాడూ వైద్యుడూ జతైతే అది సాధ్యమే. ఇన్ని చంపమనే క్వెస్టులు జంటకు వరం, ఒక్క మాబ్ చస్తే ఇద్దరి లెక్కలోనూ పడుతుంది. ఇన్ని ఏరి తెమ్మనేవి శాపం, ఎనిమిది కాస్తా పదహారు అవుతుంది, 27 చంపుళ్ళ పని 53 చంపుళ్ళ పని అవుతుంది. ఒకే హాస్టల్ గదిలో ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడుతుంటే చంపుడు క్వెస్టులు కలిసి చేసి, ఏరుడు క్వెస్టులు ఎవరి విశ్రాంతి ఉన్నప్పుడు వాళ్ళు విడిగా చేసుకోవాలి.